సుబ్బాయమ్మ మానేసిన ‘ఆయ్’

మా తోడికోడలు సుబ్బాయమ్మ ‘ఆయ్’ అనకుండా ఎవరితోనూ మాట్లాడేది కాదు. పాలవాడు పలకరించినా ఆయ్, పక్కింటావిడ తన కోడలి మీద చాడీలు చెప్పినా ఆయ్. “చాడీలకి కూడా ఆయ్ అంటావేంటక్కా?” అంటే, “వింటున్నానని చెప్పొద్దేంటే? వింటే ఒప్పుకున్నట్టేనా?” అనేది. అలాంటి మనిషి పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో ఆ మాటే మానేసింది. ఎందుకు మానేసిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క భర్త, మా బావగారు సూర్యారావు హార్బరులో పైలట్ బోటు నడిపేవారు. బయట సముద్రంలో ఉన్న ఓడకి దారి చూపించే పైలట్‌ని తీసుకెళ్లి, ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన ఎక్కించి, తప్పుకుని వచ్చెయ్యడం ఆయన పని. ఆ ఏడు ఒకరోజు పైలట్ భాస్కరరావుగారు నిచ్చెన అందుకున్నారో లేదో, ఓడా బోటూ గుద్దుకున్నాయి. బావగారు పోయారు. బోటులో రెండోవాడు పోతురాజు, మా ముక్తేశ్వరం వాడే, ఈదుకుని బతికాడు.

విచారణకి వచ్చిన ఆఫీసరు తెలుగాయనే గానీ మా వైపు మనిషి కాదు. పోతురాజుని నిలబెట్టి, “మీ బోటే ఓడకు అడ్డం వెళ్లింది కదా?” అన్నాడు. వాడు చేతులు కట్టుకుని “ఆయ్” అన్నాడు. “తప్పు సూర్యారావుదే కదా?” “ఆయ్.” ఇంకేముంది, ఒప్పుకున్నాడని రాసేశారు. ఒప్పుకున్నవాడు దొరికాక మిగతావాళ్లని అడిగే ఓపిక ఎవరికుంటుంది?

పోతురాజు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. “వింటున్నానని ఆయ్ అన్నానండి, అక్కగారూ. తరవాత చెబుదామనుకున్నాను. చెప్పనివ్వలేదండి.”

అక్క వాణ్ణి ఒక్క మాట అనలేదు. “పోయినవాడు నోరెత్తలేడని ఆయన నెత్తిన రుద్దేస్తారా?” అని లేచింది. మనిషి ఎలాగూ తిరిగి రాడు, ఆఫీసర్లతో మనకెందుకని మా మావగారు నచ్చజెప్పబోయారు. “మనిషి రారు మావయ్యగారూ. పేరు కూడా పోగొట్టుకోమంటారా?” అంది.

పంటు మీద గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి, ఆ హార్బరు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో. నేను విసుక్కునేదాన్ని, తను విసుక్కోలేదు. ఆ రోజుల్లోనే ఆయ్ అనడం మానేసింది. ఎవరేం చెప్పినా “విన్నానండి” అనేది, అంతే.

చివరికి మమ్మల్నీ పోతురాజునీ మళ్లీ పిలిచారు. “చూడమ్మా, అతనే ఆయ్ అని ఒప్పుకున్నాడు,” అన్నాడు ఆఫీసరు, విసుగ్గా.

అప్పుడే ఆఫీసు బంట్రోతు కొండయ్య టీ తెచ్చాడు. అతనిదీ మా వైపే, కొత్తపేట. అక్క అతని వైపు తిరిగింది.

“కొండయ్యగారూ, అయ్యగారి టీలో పంచదారకి బదులు ఉప్పేసేరట కదా?”

“ఆయ్,” అన్నాడు కొండయ్య. “లేదండి, నేనెందుకేస్తానండి.”

“చూసేరాండి? తమరు ఆయ్ దగ్గరే కలం మూసేసేరు. తరవాతి మాట వినలేదు,” అంది అక్క. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆఫీసరు టీ ముట్టుకోలేదు. పోతురాజుని పిలిచి, “ఏం జరిగిందో నువ్వే చెప్పు,” అన్నాడు.

“పైలట్‌గారు నిచ్చెన అందుకోగానే బోటు పక్కకి తీస్తున్నామండి. హారనైనా కొట్టకుండా ఓడే మా మీదకి తిరిగిందండి.”

భాస్కరరావుగారిని కూడా పిలిచి, ఓడ తిరిగినప్పుడు ఎక్కడున్నారని అడిగారు. మొదటి విచారణలో ఆ ముక్క ఎవరూ అడగలేదు. “నిచ్చెన మీదే ఉన్నానండి,” అన్నాడాయన తల దించుకుని. అంటే దారి చూపించేవాడు పైకి చేరకుండానే, బోటు తప్పుకోకుండానే, ఓడని తిప్పేశారు.

మరో నెలకి తీర్పు వినడానికి వెళ్లాం. ఓడ నడిపినవాళ్లదే తప్పనీ, సూర్యారావు తప్పేమీ లేదనీ ఆఫీసరు చదివాడు. చదివి, కళ్లజోడు తీసి, “సరేనా అమ్మా?” అన్నాడు.

అక్క లేచి నిలబడింది. చేతులు కట్టుకోలేదు.

“ఆయ్,” అంది. “ఇది ఒప్పుకోవడమేనండి. రాసుకోండి.”