నన్ను ఓర్చుకోవడం మానేసిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. బడిలో పాఠం చెబుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది, జల్ది రా" అన్నాడు, అంతే. పొద్దున చాయ్ తాగి వాకిట్లో మంచం మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదట. ఆ పొద్దునే నేను బడికి బయల్దేరుతుంటే నా చీర కుచ్చిళ్లు చూసి "గదేం కట్టుడు, జర సక్కగ కట్టుకో, పిల్లలు నవ్వుతరు" అని గదిమింది. నాతో ఆమె అన్న ఆఖరి మాటలు అవే. ఆఖరికి తిట్లు తిని విడిపోయావా అని మీరు జాలిపడవచ్చు. పడకండి. ఆ తిట్ల కోసం నేను చాలా కాలం ఎదురుచూశాను.

తెలంగాణ వచ్చిన ఏడాది మా పెళ్లయింది. టీచరు చదువు చదివేటప్పుడు ఇష్టపడ్డాం. మా ఇల్లు దేవరకొండ అవతల, గుంట భూమి కూడా లేని కూలీ ఇల్లు, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. వాళ్లది కొద్దో గొప్పో మెట్ట చెలక ఉండి, ఏటా పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు. కొడుకు నన్ను తీసుకొస్తే అత్తమ్మ ఏడవలేదు, అరవలేదు. తలుపు పూర్తిగా తీసి "లోపలికి రా బిడ్డా" అంది. చుట్టాలంతా ఆమె సహనాన్ని మెచ్చుకున్నారు. నేనూ మొదట్లో మెచ్చుకున్నాను.

కొన్నాళ్లకు గానీ నాకు తెలిసిరాలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనదు. అన్నం మాడిస్తే "పోనీ తియ్" అంటుంది. చీపురు పట్టుకుంటే "నీకెందుకు బిడ్డా తిప్పలు, కూసో" అని చేతిలోంచి తీసుకుంటుంది. ఆదివారం నేను బైబిలు పట్టుకొని బయల్దేరితే దొడ్లోకి పోయి ఏదో పని పెట్టుకుంటుంది. గిన్నెలు వేరు పెట్టలేదు, మంచం దూరం జరపలేదు, తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. అయినా ఆ ఇంట్లో కిరాయికి ఉన్నట్టే ఉండేది. ఓర్చుకోబడుతున్న మనిషికి ఆ సంగతి తెలుస్తుంది. బయటివాళ్లకే తెలియదు.

పెళ్లయిన మరుసటి వేసవి సెలవుల్లో ఆమె చెలకకు పోయిన ఒక పొద్దు, ఎలాగైనా ఆమె మెప్పు పొందాలని అటక మీది కుండలన్నీ దించాను. ఒక కుండలో కందులు కనిపించాయి, నిండా బూడిద పట్టి. పాపం ముసలామె, కళ్లు కనిపించక బూడిదలో పోసుకుందేమో అనుకున్నాను. రెండు మూడు నీళ్లు పోసి శుభ్రంగా కడిగాను. ఉడకబెట్టి గుడాలు చేద్దామని నానబోశాను. ఆమె వచ్చి గిన్నెలోకి చూసింది.

"ఇత్తనాలు కడుగుతరా ఎవలన్న? పురుగు పట్టకుండ బూడిద గలిపి దాసిపెట్టిన ఇత్తనాలే అవి! గింత సదువు సదివినవ్, గదొక్కటి ఎరుక లేదా? మీ అవ్వ నీకేం నేర్పింది?"

వీధి వీధంతా విన్నది. నేను గోడకు ఆనుకొని ఏడుస్తూ, "మాకు భూమి ఎక్కడిది అత్తమ్మా, ఇత్తనాలు దాసుకోనీకి?" అన్నాను. ఆమె గిన్నె ముందు కూర్చుని నానిన కందులను చేత్తో కలిపి చూసింది. తర్వాత పొయ్యి అంటించి, "ఉప్పెయ్యి మరి, సూస్తవేంది" అని నన్ను కసిరింది. గుడాలు తిన్నన్ని రోజులూ "ఇత్తనాలు తింటున్నం మేము, గొప్పోళ్లం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నా పరువు తీసింది. పక్కింటివాళ్ల దగ్గర విత్తనం అడిగి తెచ్చుకుంది. మరుసటి పంట ఇంటికి రాగానే నన్ను చాటల ముందు కూర్చోబెట్టి, బూడిద ఎంత కలపాలో, వేపాకు ఎక్కడ వేయాలో చేయి పట్టి నేర్పింది.

ఆ రోజుతో ఆమె నన్ను ఓర్చుకోవడం మానేసింది. ఇక చూడండి! కూరలో కారం ఎక్కువైతే తిట్టు, జీతం రాగానే చీర కొంటే తిట్టు. ఆదివారం ఆలస్యమైతే "ఆడ పాటలు అయిపోతున్నయ్, ఇంక జడేసుకుంటున్నవా?" అని వెంటపడేది. నేనూ ఊరుకోలేదు. మాకు పాప పుట్టాక దాని మెడలో ఆమె తాయెత్తు కట్టేది, నేను విప్పేదాన్ని, ఆమె మళ్లీ కట్టేది. "మీ దేవునికి నైద్యం పెట్టరు గదనే, ఆకలి గాదా ఆయనకు?" అని అడిగేది. మా దేవుడు అన్నీ వండిపెట్టమని సతాయించడు అనేదాన్ని. ఆమె ఏనాడూ చర్చిలో అడుగు పెట్టలేదు, నేను బోనం ఎత్తలేదు. పోట్లాడి పోట్లాడి ఒకే కంచంలో తిన్నాం.

బడిలో నేను సహనం మీద పాఠం చెబుతాను. పరమతాలను గౌరవించాలి, అందరితో కలిసిమెలిసి ఉండాలి అని రాయిస్తాను. తప్పు కాదు. కానీ సహనం అనే మాట వింటే అత్తమ్మకు ఒళ్లు మండేది. మా మామగారు బతికున్నప్పుడు తాగి ఆమె మీద చేయి చేసుకునేవాడు. ఊరంతా ఆమెను ఓర్పు గల ఇల్లాలు అనేవారు. ఒకసారి నా తల దువ్వుతూ అంది: "మెచ్చుకున్నోళ్లల్ల ఒక్కరన్న వచ్చి వాని చెయ్యి పట్టుకున్నరానే? నేను ఓర్సుకుంటే వాళ్లకు నిద్ర మంచిగ పట్టింది, గంతే." చిక్కు తీసి జడ బిగించింది.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, మట్టి చేసిన చోట విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టే దాకా దూరంగా నిలబడి చూస్తారు మా వైపు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో తీరని కోరిక ఉందంటారు. ఆ వంట నేను చేయాలని నా ఆశ. ఇన్నేళ్లు తిట్టి తిట్టి వంట నేర్పింది నాకే కదా. కొంగు బిగించి పొయ్యి దగ్గరికి పోతుంటే మా మామగారి అక్క నా భుజం మీద చేయి వేసింది. "నీకెందుకు బిడ్డా తిప్పలు, నువ్వు గట్ల కూసో. మీ పద్ధతి వేరు గదా" అంది. ఎంతో మెత్తగా అంది. మా ఆయన వైపు చూశాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఈ నాలుగొద్దులు ఓర్సుకో. నలుగురిల లొల్లి ఎందుకు" అన్నాడు. ఆయన మంచివాడే. ఆయనకు సహనమంటే లొల్లి కాకుండా చూసుకోవడం.

నేను కుర్చీలో కూర్చున్నాను. అందరూ నాకు నీళ్లు తెచ్చిచ్చారు. ఎవరో వండారు, ఎవరో మోసుకుపోయారు. కాకి వెంటనే వచ్చి ముట్టింది. అందరూ తేలికపడ్డారు. అత్తమ్మ తిన్నదనుకొని నేనూ సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ రోజు ఆ చుట్టాలలో ఒక్కరు నన్ను కసిరి ఏదన్నా పని చెప్పి ఉంటే బాగుండేది.

చుట్టాలు వెళ్లిపోయారు. ఇల్లు సద్దుమణిగింది. నిన్న పొద్దున లేచి ఆమెకు ఇష్టమని పుంటికూర, అదే గోంగూర, వండాను, రెండు జొన్నరొట్టెలు చేశాను. నా రొట్టెలకు అంచులు పగులుతాయి, ఆమె ఎన్నేళ్లు తిట్టినా ఆ చెయ్యి నాకు రాలేదు. ఇవన్నీ నమ్మే మనిషిని కాను, మా పాస్టరు గారు వింటే ఏమంటారో కూడా తెలుసు. అయినా ఆకులో పెట్టి తీసుకుపోయి ప్రహరీ గోడ మీద ఉంచి, దూరం జరగకుండా అక్కడే నిలబడ్డాను.

కాకి వచ్చింది. ఆకు పక్కనే వాలి, తల ఒకవైపు వంచి రొట్టె అంచును చూసింది, తర్వాత నన్ను చూసింది. ముట్టలేదు, ఎగిరీ పోలేదు.

"అను అత్తమ్మా" అన్నాను పైకే. "ఏదో ఒకటి అను."