ఏసయ్య గీసిన గోనెసంచులు

ఏసయ్య బాన్సువాడలో ఒక రైస్ మిల్లు హమాలీ. బడి గడప తొక్కలేదు, బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. చిరిగిన గోనెసంచి విప్పి పరిచి, బస్తాలకు మార్కు వేసే నల్ల ఇంకుతో గీసేవాడు. బరువుకు వంగిన మెడలు, కాలువలో పడుకున్న బర్రెలు, వానకు తడుస్తున్న వడ్ల కుప్పలు. ఇంకు దొంగిలిస్తున్నాడని సేటు పనిలోంచి తీసేశాడు. తర్వాత ఏ మిల్లూ పిలవలేదు. పోయినేడు ఏసయ్య చచ్చిపోయినా, 'ఇంకు దొంగ' అన్న పేరు మాత్రం చావలేదు.

ఆ సంచులన్నీ ఇంటి వెనుక స్నానాల దడికి కట్టి ఉన్నాయి. కాలేజీ మానేసి ఖాళీగా తిరిగే నాకు అవి కంటపడ్డాయి. ప్రదర్శన పెడదామని ఆయన భార్య గంగమణిని అడిగాను.

"పెట్టు బిడ్డా. గంతమందిల ఆయన దొంగ గాదని ఒక్కలన్న అనాలె. నాకు గంతే కావాలె."

మా దగ్గర కుర్చీలు, షామియానా ఎవరిస్తే వాళ్ళే ముఖ్య అతిథి. ఇచ్చింది ఆ సేటే.

ప్రదర్శన రోజు సేటు శాలువా కప్పించుకుని మైకు అందుకున్నాడు. "ఏసయ్య మా మిల్లు బిడ్డ. ఇంకు, సంచులు అన్నీ మేమే ఇచ్చి ప్రోత్సహించినం."

చప్పట్లు. గంగమణి లేచింది.

"మీరే ఇస్తే, దొంగ అని ఎందుకు ఎల్లగొట్టిండ్రు సేటూ?"

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకమ్మా? మంచి దినం..."

"ఎవలకు మంచి దినం?"

సేటు మోగని ఫోన్ చెవికి పెట్టుకుని దిగిపోయాడు. వెనుక ఎవడో "బయట మిర్చి బజ్జీలు అయిపోతున్నయ్ రా" అన్నాడు. సగం మంది బయటికి నడిచారు.

అప్పుడు ఏసయ్యతో జోడీగా బస్తాలు మోసిన సమ్మన్న మైకు దగ్గరికి వచ్చాడు. "గదంత డబ్బా అడుగున గడ్డకట్టిన ఇంకు. పారబోయమని సేటు నాకే ఇచ్చిండు. నేనే ఏసయ్యకిచ్చిన. ఆయన దొంగ గాదు."

గంగమణి అతని వైపు తిరిగింది.

"గప్పుడు నోరేడ వోయిందన్నా?"

"నన్ను గూడ తీసేస్తరని బుగులైంది చెల్లె."

ఆమెకు తిట్టే ఓపిక కూడా లేదు. కుర్చీలో కూలబడింది.

"ఇంకోసారి చెప్పన్నా. బయట చాయ్ తాగేటోళ్ళకు ఇనబడలే."

సమ్మన్న మళ్ళీ చెప్పాడు. బయట ఒకరిద్దరు తల తిప్పారు.