పొట్లకాయ పడని ఇల్లు

సెంగ్‌కాంగ్‌లో మా ఇంటి కింది కూరగాయల కొట్లోకి పొట్లకాయలు వస్తే ఆ సంగతి నాకు చూడకుండానే తెలిసిపోతుంది. పచ్చి పొట్లకాయకు అదో రకం వాసన, కొంచెం మట్టిలా, కొంచెం వెగటుగా ఉంటుంది, కోసిన చేతిని సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. ఈ ఆదివారం పొద్దున రెండు కాయలు కొనుక్కుని పైకి వచ్చేసరికి మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎప్పుడో మలయా రబ్బరు తోటలకు ఓడలో వచ్చిన మా ముత్తాత కోసం పాత రికార్డులు వెతుకుతోంది. "ఇంటిపేరు ఒక్కటి దొరికితే చాలమ్మా, ఊరు ఈజీగా ట్రేస్ చెయ్యొచ్చు లా," అంది ఇక్కడి పిల్లల యాసలో, ఉత్సాహంగా. దాని ఉత్సాహం చూసి సంతోషించాల్సింది పోయి నేను గబగబా వంటింట్లోకి తప్పుకున్నాను.

నా చిన్నతనమంతా ఇదే ఊళ్ళో టోవా పాయో పేటలో, పదో అంతస్తులో గడిచింది. అమ్మా నాన్నా, నేనూ, నానమ్మా, పెళ్ళికాని చిన్నత్తా, ఇంతమందికీ రెండు గదులు. పొడవాటి నడవాలో అందరి తలుపులూ బార్లా తెరిచే ఉండేవి కాబట్టి, ఒకరింట్లో వేగే ఎండుచేపలూ, ఇంకొకరింట్లో కొబ్బరిపాలలో ఉడికే పాండన్ ఆకూ, మా ఇంట్లో నానమ్మ పెట్టే ఇంగువ పోపూ అన్నీ కలిసి, బడి నుంచి వస్తూ లిఫ్టు దిగగానే ఆకలి దంచేసేది. వానల నెలల్లో వెదురు కర్రలకు తొడిగిన బట్టలు రోజుల తరబడి ఆరక ముక్కిన వాసన కొడుతుంటే, మేము కింద డ్రాగన్ బొమ్మ ఉన్న ఆటస్థలంలో తడిసిన ఇసుకలో దొర్లి, బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచులతో రాళ్ళాట ఆడి, చివాట్లు తినడానికి పైకి వెళ్ళేవాళ్ళం. ఉగాదికి పచ్చి మామిడికాయ దొరికినా వేపపువ్వు దొరికేది కాదు, అప్పుడు నానమ్మ రోడ్డు పక్క చెట్టు నుంచి నాలుగు వేపచిగుళ్ళు తుంచి తెచ్చి పచ్చడిలో వేసి, మా మొహాలు వంకర్లు పోతుంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నానమ్మ రబ్బరు తోటలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే తాతను చేసుకుంది. ఇండియా మొహం ఎన్నడూ చూడకపోయినా, తన అత్త నేర్పిన పద్ధతులను మాత్రం వెంట్రుకవాసి తప్పనిచ్చేది కాదు. వాటిలో అన్నిటికంటే గట్టిది పొట్లకాయ. అది మా గడప తొక్కకూడదు, వండకూడదు, వండినది తినకూడదు. తింటే ఇంటి మగవాళ్ళకు కీడట. పసార్‌కు, అదే కూరగాయల బజారుకు, వెళ్ళినప్పుడు ఆ కాయలు వేలాడే కొట్టు వస్తే చాలు, నా చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పి తీసుకెళ్ళేది. "అదేటి పాపం చేసింది నానమ్మా?" అంటే, "మనింటికి పడదే గుంటా, మీ ముత్తాతలకాడ నుంచీ అంతే," అనేది.

ఓడెక్కినప్పుడు మావాళ్ళ వెంట వచ్చినవి నిజానికి అలాంటి పట్టింపులే. ఇంటిపేరు రాలేదు. ఇక్కడి గుమాస్తాలు మనిషి పేరు, తండ్రి పేరు రాసుకుని ఊరుకున్నారు, రెండు తరాలు గడిచేసరికి ఆ పేరు నోళ్ళలోంచి కూడా జారిపోయింది. జారిపోయిందని ఎవరూ బాధపడలేదు, చిన్నత్త పెళ్ళి మాట వచ్చేదాకా.

చిన్నత్త పనిచేసే రేడియోల ఫ్యాక్టరీలోనే రాజు అని ఒకతను ఉండేవాడు. వంతెన అవతలి జొహోర్ తెలుగువాళ్ళు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలూ కాదనలేదు. అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుంటే, పిల్లాడి నానమ్మ, మేము జొహోర్ మామ్మ అని పిలిచేవాళ్ళం, అసలు మెలిక పెట్టింది. వాళ్ళూ తోటల మనుషులే, వాళ్ళకూ ఇంటిపేరు తెలియదు. "రెండిళ్ళదీ ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి సేసినట్టు కాదా? కాదని తేలీదాకా ముహూర్తం మాటెత్తకండి," అంది.

అక్కడి నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఓడరేవులో పనిచేసే నాన్న సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తాత పుట్టిన కాగితం, చనిపోయిన కాగితం, ఆయన తండ్రి పనిచేసిన తోట కాగితాలు, దేన్ని కదిపినా ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, అంతే. అటు పెళ్ళివారూ వెతికారు, వాళ్ళకూ అంతే. నాన్న చెప్పులు విప్పే తీరును బట్టే ఆ రోజూ ఉత్త చేతులని తెలిసిపోయేది. చిన్నత్త మాత్రం ఒకే మాట చెప్పింది. "ఇది కాకపోతే నాకింక పెళ్ళే వద్దు." ఆమె అన్నంత పనీ చేసే మనిషని ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి జొహోర్ మామ్మే మెత్తబడి, ఒకసారి మా ఇంట్లో భోంచేసి ఆలోచించి చెబుతానంది. ఆ రోజు అమ్మ అరిటాకులు తెచ్చింది, నానమ్మ పొద్దున్నుంచీ పొయ్యి వదల్లేదు. అందరూ ఆకుల ముందు కూర్చున్నాక, పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన తమిళావిడ సరోజ ఆంటీ, పెళ్ళివారు వచ్చారని విని, ప్రేమగా గిన్నె నిండా పప్పు వేసి వండిన కూటు పట్టుకొచ్చి తనే వడ్డించబోయింది. వాసన ముందు నాకే తగిలింది. పొట్లకాయ.

నానమ్మ వద్దనడానికి చెయ్యెత్తబోయింది. ఆ లోపలే జొహోర్ మామ్మ తన ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దమ్మా, ఇది మా ఇంటికి పడదు. మా మావగారి వొంశంలోనే లేదు." అని, మా నానమ్మ వైపు తిరిగి, మెల్లిగా అడిగింది. "మీకు పడతాదేటి?"

నాన్న తల దించుకున్నాడు. అమ్మ చేతిలో నేతిగిన్నె అలాగే ఆగిపోయింది. నేను నోరు తెరవబోతే చిన్నత్త నా మణికట్టు పట్టుకుంది, ఆ పట్టు ఎంత గట్టిదో ఇప్పటికీ గుర్తుంది. ఇన్ని ఆఫీసుల్లో దొరకని జవాబు ఆకుల మధ్యలో వచ్చి కూర్చుందని తొమ్మిదేళ్ళదాన్ని నాకే అర్థమైంది, నానమ్మకు అర్థం కాకుండా ఉంటుందా?

ఆమె కొడుకు వైపు చూసింది, తర్వాత కూతురి వైపు. గరిటె అందుకుని తన ఆకులో కూటు వేసుకుంది. అన్నంలో కలిపింది. "పడకేటి, మాకు శుభ్రంగా పడతాది," అని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. ఇంకొకటి పెట్టుకుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, "మిరపకాయ మా ఘాటమ్మా," అంది. ఏ కూటులోనైనా అంత మిరపకాయ ఎక్కడ ఉంటుంది! జొహోర్ మామ్మ ఆమెనే చాలాసేపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. "అయితే ముహూర్తం పెట్టించండి," అని మాత్రం అంది.

పెళ్ళి మా బ్లాకు కిందే, తెల్లగుడ్డలు కట్టిన పందిట్లో జరిగింది. నానమ్మ మాత్రం తర్వాత చాలాకాలం నాన్న పనికి వెళితే తిరిగొచ్చేదాకా నడవా చివర పిట్టగోడ పట్టుకుని నిలబడేది. వాన ఉరుములు ఉరిమినా ఉలిక్కిపడేది. నాన్నకు ఏ కీడూ రాలేదు. ముసలివాడయ్యేదాకా బతికాడు. కానీ ఆ భయం నానమ్మను పోయేదాకా వదల్లేదు, అయినా జొహోర్ నుంచి ఎవరు వచ్చినా, వాళ్ళకు వేరే కూర చేసి, మా కోసమని పొట్లకాయ వండేది, అందరూ చూస్తుండగా తనే ముందు తినేది. నాకు ఆమె మీద అప్పుడు జాలి, ఇప్పుడు గౌరవం.

ఆ బ్లాకు కూల్చేసి కొత్తవి కట్టారు. తలుపులు తెరిచి ఉంచే నడవాలు లేవు, జొహోర్ మామ్మ లేదు, మా వంశంలో ఏది పడదో ఏది పడుతుందో చెప్పగల నోరు ఒక్కటీ మిగల్లేదు. ఆదివారాలు చిన్నత్తా రాజు మామయ్యా మా ఇంటికి భోజనానికి వస్తారు. ఇవాళా వచ్చారు. మామయ్య సోఫాలో కునుకు తీస్తున్నాడు, ఆయన మనవరాలు ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆడుకుంటోంది, చిన్నత్త నా పక్కన కూర్చుని పొట్లకాయ గీరుతోంది.

"అమ్మా," అని పిలిచింది మా అమ్మాయి స్క్రీన్ మీంచి తల తిప్పకుండా. "ఇక్కడ గ్రూప్‌లో ఒక అంకుల్ చెబుతున్నారు, రికార్డ్స్‌లో లేకపోతే ఫ్యామిలీ కస్టమ్స్ అడగాలంట. కొన్ని ఇళ్ళల్లో కొన్ని కూరగాయలు తినరంట, దాన్నిబట్టి ఇంటిపేరు కనిపెట్టొచ్చంట. మనకి అలాంటిదేమన్నా ఉందా?"

చిన్నత్త చేతిలో కత్తి ఆగింది.

"లేదమ్మా," అన్నాను కాయ అందుకుంటూ. "మనం అన్నీ తింటాం."