దొరసాని గురించి మాట్లాడడానికి మొగల్తూరు వెళ్ళిన సంగతి

ఈ ప్రయాణంలో పోయినవి ముందే చెప్పేస్తాను. ఒక గొడుగు, నిడదవోలు స్టేషన్లో బెంచీ మీద. నా ఎడమ కాలి చెప్పు, నరసాపురంలో బస్సెక్కే తోపులాటలో. కుడి చెప్పు చేత్తో పట్టుకుని మొగల్తూరు దాకా వెళ్ళి అక్కడ అదీ పారేశాను. కాఫీ ఫ్లాస్కు లోపలి గాజు. రెండు రోజుల సెలవు. ఒక రాత్రి నిద్ర. వీటితో పాటు, అప్పటిదాకా నావే అనుకుంటున్న ఏడు వ్యాసాలు.

నేను రాజమండ్రిలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. అలా చదివినవాటిల్లో నన్ను పట్టుకుని వదలనివి, ఇంగ్లండులో నూరేళ్ళ కిందట ఒకావిడ రాసిన నవలలు. ఆవిడకి పుట్టింటి పేరొకటి, పెళ్ళయ్యాక ఒకటి, పుస్తకాల మీద మగపేరు ఇంకొకటి. ఇన్ని పేర్లతో వేగలేక మా ఇంట్లో ఆవిణ్ణి దొరసాని అనేవాళ్ళం. ఆడది రాసిందంటే తేలిగ్గా తీసిపారేస్తారని ఆవిడ మగపేరు పెట్టుకుంది.

మన దగ్గర ఆ రోజుల్లో వ్యవహారం దీనికి తలకిందులుగా ఉండేది. పత్రికల వాళ్ళకి రచయిత్రులు కావాలి. దొరసాని జీవితం గురించి నేను పంపిన మొదటి వ్యాసం తిరిగొచ్చింది. మా పక్కింటాయన సలహా మీద అదే వ్యాసాన్ని మా ఆవిడ సుభద్ర పేరుతో పంపితే మరుసటి నెలలోనే పడింది. అలా నెలకొకటి చొప్పున ఏడు పడ్డాయి. దొరసాని గురించి చదివిందంతా సుభద్రకి చెప్పేవాణ్ణి, పంపేముందు ప్రతి వ్యాసమూ సాయంత్రం పూట చదివి వినిపించేవాణ్ణి. బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. బాగుందా అంటే బాగుందనేది.

డెబ్భై ఎనిమిది నవంబరులో మొగల్తూరు గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వారోత్సవాల్లో మహిళల రోజున సుభద్రాదేవి గారు వచ్చి ఆ ఆంగ్ల రచయిత్రి జీవితం, భావాల మీద ప్రసంగించాలని. వీలుపడదని రెండుసార్లు రాశాను. కరపత్రాలు అచ్చయిపోయాయని జవాబొచ్చింది. వెళ్ళకపోతే పత్రిక వాళ్ళకి తెలుస్తుంది, సంగతంతా బయటపడుతుంది. అందుకని ఉపాయం ఆలోచించాను. సుభద్రకి గొంతు పోయిందని చెప్పి, మెడకి మఫ్లరు చుట్టి, ఆవిడ పక్కన కూర్చుంటే ప్రసంగం నేను చదువుతాను. సుభద్ర విని, మఫ్లరు ఉతికి ఆరేసింది.

పొద్దున్నే ప్యాసింజరులో బయల్దేరాం. కూర్చోడానికి చోటు దొరికింది. గోదావరి దాటుతుండగా మా ఎదుటాయన కిటికీలోంచి పైసా విసిరి, పక్కాయన్ని కూడా విసరమన్నాడు. ఆయన, “మీరు వేశారుగా, ఇద్దరి తరఫునా అనుకోమనండి” అన్నాడు. ఎనిమిదిన్నరకి నిడదవోలులో దిగాం. నరసాపురం బండి తొమ్మిదింటికి రావాలి. పదకొండుంబావుకి వచ్చింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇడ్లీలు ఇంటి దగ్గరే కట్టించుకోవడం మంచిది. మేం వెళ్ళేసరికి క్యాంటీన్లో మిగిలింది టీ ఒక్కటే.

నరసాపురం బండిలో మా పక్కన నలభై ఏళ్ళావిడ కూర్చుంది. పేరు మేరీరత్నం. చిన్న కొక్కెం ఉన్న సూదితో, బండి ఎంత ఊగినా చూపు తిప్పకుండా లేసు అల్లుతోంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పని అయ్యాక చేసే పని అదేనని మాకు తెలుసు గానీ, ఎలా సాగుతుందో తెలీదు. ఆవిడే చెప్పింది. తను పువ్వులే అల్లుతుంది. వాటిని అతికేది ఇంకో ఇంట్లో ఇంకో మనిషి. అతికాక అది బల్లగుడ్డ అవుతుందో దుప్పటి అవుతుందో తను ఎప్పుడూ చూడలేదు.

అప్పటిదాకా గొంతు పోయినట్టు కూర్చున్న సుభద్ర మఫ్లరు కిందకి లాగింది. “దాని మీద మీ పేరు ఉంటుందాండీ?”

“లేసుకి పేరేంటండీ,” అని మేరీరత్నం నవ్వింది. “కంపెనీ చీటీ కుడతారు. ఒకవేళ నా పేరే కుట్టారనుకోండి, అతుకు ఊడితే నన్ను తిడతారు. అతికింది నేను కాదు కదా.”

సుభద్ర మళ్ళీ మఫ్లరు చుట్టుకుంది. గొంతు కాపాడుకుంటోందని సంతోషించాను.

నరసాపురంలో బస్సు కోసం గంట నిలబడ్డాం. చెప్పు అక్కడే పోయింది. మొగల్తూరు చేరేసరికి నాలుగు దాటింది. గ్రంథాలయ కార్యదర్శి వెంకటరత్నం గారు కిరాణా కొట్టాయన. నా వట్టి కాళ్ళు చూసి, గుడికి గానీ వెళ్ళొస్తున్నారా అనడిగారు. వాళ్ళింట్లోనే బస. స్నానాలు చేసి ఉప్మా తిని, ఆరింటికి సభకి వెళ్ళాం. యాభై అరవై మంది ఉన్నారు, సగం పైగా ఆడవాళ్ళు. నేను లేచి గొంతు సంగతి చెప్పాను. అయ్యో పాపం అన్నారు. ప్రసంగం చదివాను. దొరసాని తండ్రి ఇల్లు దిద్దుతూ చదువుకోవడం, ముప్పై దాటాక కలం పట్టడం, మామూలు మనుషుల బతుకులే నవలకి చాలునని ఆవిడ నమ్మడం, చెడు జరగడానికి చెడ్డవాళ్ళు అక్కర్లేదు, తమ సుఖం చూసుకునే మంచివాళ్ళు చాలునని ఆవిడ చెప్పడం, అన్నీ వచ్చాయి. నిలబడలేక కాళ్ళు లాగుతున్నా చప్పట్లు కొడుతుంటే బాగానే ఉంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచింది. “సుభద్రాదేవి గారూ, మీ ఐదో వ్యాసంలో, భర్త ఔదార్యం వల్లే ఆవిడ రాయగలిగిందని రాశారు. ఇప్పటికీ అదే అంటారా? అవునో కాదో తలూపండి, చాలు.”

జవాబు నేనే చెప్పబోయాను. ఈలోగా సుభద్ర మఫ్లరు విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి లేచింది. బయటపెట్టేస్తుందనుకున్నాను.

“అది తప్పండి,” అంది. “నా పేరు మీద పడింది కాబట్టి నేనే చెప్పాలి. ఆవిడ రాసిన డబ్బుతో ఇల్లు గడిచింది. ఆయన కాఫీ తాగుతూ, రాసింది చదివి బాగుందన్నాడు. అంతే. అందులో ఔదార్యం ఎవరిదండీ?”

సభ గొల్లున నవ్వింది. ఒక ముసలమ్మ, “గొంతు బాగానే ఉందే పిల్లా” అంది.

సుభద్ర ఇంకా చెప్పింది. ఆవిడ పేరు దాచుకున్నది సిగ్గుతో కాదట, మాట నలుగురికీ చేరాలని. పేరు దాచినా మాట మాత్రం ఇంకొకరిని చెప్పనివ్వలేదట. మూడో వ్యాసంలో ఇంకో తప్పుందని అదీ దిద్దింది. నేను అభ్యంతరం చెప్పడానికి లేదు. రచయిత్రి తన వ్యాసం తప్పంటుంటే మధ్యలో మొగుడెవరు? చప్పట్లు నాకన్నా ఆవిడకి ఎక్కువ పడ్డాయి. గొంతు తిరిగొచ్చిందని వెంకటరత్నం గారు మిరియాల పాలు పంపించారు. అవి కూడా ఆవిడకే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వెంకటరత్నం గారు రబ్బరు చెప్పులు ఇప్పించి బస్సెక్కించారు. నరసాపురంలో బండి సగం ఖాళీగా ఉంది. ఒళ్ళంతా నొప్పులు. కదిలాక అడిగాను, తప్పుందని ముందే తెలిస్తే అచ్చుకి పంపకముందే ఎందుకు చెప్పలేదని.

“మీరు అడిగింది బాగుందా అని. బాగానే ఉంది,” అంది. “నిజమేనా అని ఎప్పుడన్నా అడిగారా?”

కిటికీ అవతల పొలాలు. కోతలు మొదలుకాలేదు, చేలు బరువుగా వాలి ఉన్నాయి. ఇకమీద నీ పేరు వాడనులే అన్నాను. అలా కుదరదంది. “ఏడుసార్లు నా పేరుతో మీ మాటలు పడ్డాయి. ఇప్పుడు ఏడుసార్లు నా మాటలు పడాలి. నేను చెప్తాను, మీరు రాయండి. మధ్యలో మీ సొంతం కలపకూడదు.”

భీమవరంలో ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోయినా ఆవిడ అప్పటికే మొదటిది చెప్పడం మొదలుపెట్టింది. నా దగ్గర కలం ఉంది, కాగితం లేదు. కరపత్రం వెనక రాశాను. తణుకు దాకా రాసి అలిసిపోయి ఆపేశాను. ఆవిడ ఆపలేదు.

మొగల్తూరు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకోకండి. దారి దూరమేం కాదు గానీ బళ్ళు మనిషిని అలిసిపోయేలా చేస్తాయి. ఊరివాళ్ళు మంచివాళ్ళు, శ్రద్ధగా చదువుతారు.

ఇది మాత్రం నా పేరుతోనే రాస్తున్నాను. సుభద్ర చెప్పినవి ఆ తర్వాత రెండు అచ్చయ్యాయి. మూడోది ఆవిడ చెప్పినట్టే రాశాననుకున్నాను. చదివించుకుని, ఈ వాక్యం నాది కాదు, ఇది నాది కాదు అని కొట్టేస్తూ వచ్చి, చివరికి మొత్తం మళ్ళీ రాయమంది. ఇవాళ్టికి ఆవిడకి నేనింకా ఐదు బాకీ.