ముడి కింద మడిచిన కాగితం

సెకండు ఫారం, అంటే ఇప్పటి ఏడో తరగతి, నేను రెండుసార్లు చదివాను. మూడోసారీ చదివేవాడినే. కానీ ఆ ఏడు మా తమ్ముడు పాసై వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. అన్నతో కలిసి చదవడం నామోషీ అని వాడు ఇంట్లో రెండు పూటలు అన్నం మానేశాడు. తమ్ముడి చదువు కోసం పెద్దోడు త్యాగం చేశాడని మా అమ్మ బతికినన్నాళ్లూ చెప్పుకుంది. నేనూ కాదనలేదు.

అంత చదువు చదివినవాడికి కడపలో దొరికిన పని వకీలు గుమాస్తాగిరీ. మా సారు అప్పట్లో పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే సెషన్సు కోర్టులో సర్కారు తరఫున కేసులు నడిపే వకీలు. మూడేళ్లకోసారి సర్కారు ఆ పదవి పొడిగించాలి. పొడిగించమని కలెక్టరు రాయాలి. రాసేముందు కలెక్టరు పోలీసులను అడుగుతాడు. ఈ మూడు మెట్లూ తెలిసిన వకీలు ఎవడూ ఇన్‌స్పెక్టరుతో పేచీ పెట్టుకోడు. మా సారుకు ఉబ్బసం, పెద్ద సంసారం, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్లకోటు. పేచీలు పెట్టుకునే ఓపిక ఆయనకు ఎప్పుడో అయిపోయింది.

నా పని కట్టలు కట్టడం. స్టేషను నుంచి వచ్చిన కాగితాలను వరసలో పేర్చి ఎర్ర నాడాతో బిగించాలి. గట్టిగా బిగిస్తే పై కాగితాల అంచులు తెగుతాయి. అందుకని ముడి పడే చోట ఒక చిత్తు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాని మీద ముడి వేసేవాడిని. ఈ కిటుకు నాకు ఎవరూ నేర్పలేదు. కోర్టు మొత్తం మీద నా కట్టంత చక్కని కట్ట ఇంకొకరిది లేదని గొప్పలు పోయేవాడిని.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలో కమలాపురం పక్క పల్లె నుంచి ఒక ఖూనీ కేసు వచ్చింది. రెండు పార్టీల ఊరు. ఒక పార్టీ మనిషి చచ్చాడు, రెండో పార్టీవాళ్లు ఐదుగురు ముద్దాయిలు. పల్లెల్లో ఖూనీ జరిగితే గ్రామ మునసబు మొదటి రిపోర్టు రాసి తలారి చేత స్టేషనుకు పంపాలి. ఎవరు కొట్టారని అందులో రాశాడో అదే కేసుకు పునాది. ఈ కట్టలో మునసబు రిపోర్టులు రెండున్నాయి. ఒకటి అచ్చు ఫారం మీద, ఇంకొకటి తెల్ల కాగితం మీద.

"ఆ తెల్లది చిత్తులేప్పా. కట్టలో అక్కరల్యా" అన్నాడు కట్ట తెచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, బీడీ ముట్టించుకుంటూ.

ఆయన పోయాక రెండూ చదివాను. అచ్చు ఫారంలో ఐదు పేర్లు. తెల్ల కాగితంలో నాలుగు. లేని పేరు కపిలి తోలేవాడిది, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడేవాడిది. రెండింటి మీదా మునసబు సంతకం ఉంది. చిత్తు మీద ఎవడైనా సంతకం చేస్తాడా అని ఒక్క క్షణం అనిపించింది. బయట ఎండ మండిపోతోంది, మూలన ఇంకా ఆరు కట్టలు ఉన్నాయి. దాన్ని నాలుగు మడతలు పెట్టి ముడి కిందికి తోసేశాను.

ఆ కపిలి తోలేవాడి పెళ్లాం ప్రతి వాయిదాకూ రైల్లో వచ్చేది. జొన్నరొట్టె మూట ఒడిలో పెట్టుకుని కోర్టు వరండాలో నా బల్ల పక్కనే కూర్చునేది.

"ఏమ్మా, జడ్జి కంటే నువ్వే ముందు వస్తాండావు. ఆయన కుర్చీ నీకే ఇస్తారేమో సూడు" అన్నాను ఒకరోజు.

"కుర్చీ నాకెందుకప్పా? మా ఆయప్పను ఇస్తే సాలు. ఆ పొద్దు ఆయప్ప బావికాడ కపిలి తోల్తాండాడు. సూసింది ఎద్దులే. అవి మాట్లాడవు కదా."

"మాట్లాడినా, ఎద్దులు ఎక్కేంత బోను మా కోర్టులో ల్యాదమ్మా."

నేనే నవ్వాను. ఆమె రొట్టె మూట విప్పి, మళ్లీ కట్టింది.

"నువ్వు సర్కారు వకీలు మనిషివంట కదప్పా. మా ఆయప్ప సర్కారుకేం చేసినాడు?"

కట్టలు సర్దుకుంటున్నట్టు వంగాను.

విచారణ మొదలయ్యేసరికి కపిలి తోలేవాడు జైల్లో పడి నాలుగు నెలలైంది. రెండో రోజు మునసబు బోనెక్కాడు. మా సారు చెయ్యి చాపి, మునసబు రిపోర్టు ఇవ్వమన్నారు. తొందరలో నాడా లాగాను. మడత కాగితం జారి బల్ల మీద సారు ముందరే పడింది. ఆయన తీసి విప్పారు. చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. ఆయన ఊపిరి పిల్లికూతలు పెడుతుండటం నాకు వినపడింది. జడ్జిని అడిగి, మధ్యాహ్నం దాకా గడువు తీసుకున్నారు.

వకీళ్ల గదిలో మేము ముగ్గురమే.

"అది చిత్తు సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చిత్తుకు సంతకమెందుకప్పా? తలారి చేతికి ఎన్ని గంటలకిచ్చినాడో ఎందుకు రాసినాడు? ఇది సాయంత్రానిది. అచ్చు ఫారం మర్నాడు పొద్దుటిది."

"సార్, మీ పొడిగింపు కాగితం కలెక్టరాఫీసులో ఉండాది. మీ పని ఎట్లుండాదని నన్నే అడిగినారు. నేను ఇంకా రాయల్యా. కట్ట మీది, మీకాడనే పెట్టుకోండి. ఎవురికి తెలుస్తాది?"

"ఈ గదిలోనే ముగ్గురముండాం కదప్పా" అని సారు నా వైపు తిరిగారు. "నువ్వు దీన్ని చదివినావా?"

"చదివినా సార్."

"ఎన్ని పేర్లుండాయి?"

"నాలుగు."

"చార్జిషీటులో?"

"ఐదు."

"సరే. లెక్కలు రాక బడి మానేసినావనుకుంటాంటి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి నుంచి వచ్చిన క్యారియరు ఆయన తెరవలేదు. ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాక, నాతో అని కాకుండా అన్నారు: "నిన్న నేనే లేసి, ఐదుగురూ కొట్టినారని చెప్పినా. సర్కారు వకీలు మాట కదా అని జడ్జి రాసుకున్యాడు." తర్వాత కళ్లు మూసుకున్నారు. ఆయన ఏమి తేల్చుకుంటున్నారో నాకు తెలుసు. ఇంట్లో ఇంకా పెళ్లి కావలసిన ఇద్దరున్నారు, ఆ పదవి పోతే ప్రైవేటు కేసులు తెచ్చేవాడు లేడు. ఆ కాగితం మళ్లీ మడత పెడితే బాగుండునని నాకు అనిపించింది. దాచడం దేనికి, నిజంగానే అనిపించింది.

మధ్యాహ్నం కోర్టు కూర్చోగానే లేచారు. "ఈ కాగితం నా కట్టలోనే ఉంది. నేను చూసుకోలేదు. తప్పు నాది" అన్నారు. గుమాస్తా అన్న మాటే రాలేదు. కాగితాన్ని ముద్దాయిల వకీలు చేతికిచ్చారు. కోర్టువారు ఉచితంగా పెట్టిన కుర్ర వకీలతను. సర్కారు వకీలు తనకు కాగితం ఇవ్వడం ఎన్నడూ చూడక, దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. తిప్పుకుని చదివాక మాత్రం మునసబును వదల్లేదు.

"నేనేం చేసేదయ్యా" అన్నాడు మునసబు చెమట తుడుచుకుంటూ. "రాత్రి మా పార్టీ పెద్దలు కూచున్యారు. కపిలి తోలేటోణ్ణి గూడా ఎయ్యమన్యారు. వాడు లోపలుంటే అవతలోళ్ల తోట ఎండుతాది కదా."

దాంతో కపిలి తోలేవాడు విడుదలయ్యాడు. మిగిలిన నలుగురిలో ఇద్దరికి శిక్ష పడింది. ఇద్దరు, ఆ మునసబు మాటే నమ్మలేమని, అనుమానం కింద బయటికి వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకడు కొట్టినవాడేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చచ్చినవాడి తండ్రి వరండాలో మా సారు కాళ్ల ముందు ఉమ్మేసి పోయాడు. సారు పక్కకు తప్పుకుని నడిచారు.

నెల తిరిగేసరికి కర్నూలు రమ్మని కాగితం వచ్చింది. కట్ట మోసుకుని నేనూ వెళ్లాను. రాజధాని అంటే ఏమో అనుకున్నాను. ఆఫీసులు డేరాల్లో ఉన్నాయి. గాలి లేచినప్పుడల్లా ఫైళ్ల మీద ఎర్రమట్టి పొర. న్యాయశాఖ అధికారి కోస్తా జిల్లాల మనిషి, మాట మెత్తన.

"ఏమండీ, సర్కారు వకీలై ఉండి మీరే అవతలివాళ్లకు కాగితం అందించారట?"

"కాగితం సర్కారుదే సార్. సర్కారు కోర్టులోనే చూపించినాను. ఇంకో తావుకు పోలేదు."

"మరి మీరు ఎవరి తరఫున్నట్టు?"

సారుకు దగ్గు పట్టుకుంది. దుమ్ముకో, ప్రశ్నకో తెలియదు. దగ్గు తగ్గేలోగా ఆ అధికారి ఇంకో ఫైలు తెరిచాడు. మేము బయటికి వచ్చేశాం.

పొడిగింపు రాలేదు. కొత్తాయన వచ్చాడు. కట్టలన్నీ ఆయనింటికి చేరవేయడానికి నేను జట్కాలోకి ఎక్కిస్తూ ఉంటే, సారు ఇంటి గేటు దగ్గరికి కపిలి తోలేవాడి పెళ్లాం వచ్చింది. చంకలో శనక్కాయల మూట. సారుకివ్వాలంది. సారు లోపల పడుకుని ఉన్నారు.

ఎంత అలసిపోయినా నా నోరు ఊరుకోదు.

"ఏమ్మా, మూటంతా సారుకేనా? ఆ కాగితాన్ని మొదట చదివింది నేను, చించి పారెయ్యకుండా ముడి కింద అన్నాళ్లూ భద్రంగా పెట్టింది నేను. నాకూ ఒక దోసెడు పొయ్యి."

ఆమె మూటను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"సదువు రానోడు పెట్టింటే ఈ మూటంతా వానికే ఇచ్చేదాన్నప్పా. నువ్వు సదివి పెట్టినావు కదా."