మా గేటు ముందరి టెంటు

సోమవారం. పక్కింటివారి అబ్బాయి నిశ్చితార్థానికి వీధికి అడ్డంగా టెంటు వేసినారు. గుంజ ఒకటి సరిగ్గా మా గేటు ముందర పాతినారు. నన్నడగలేదు.

మంగళవారం. ప్రార్థన, భోజనాలు, పాటలు ముగిసినవి. టెంటు మిగిలినది.

బుధవారం. ఎండ తగలక మా వడియాలు బూజు పట్టినవి.

గురువారం, ఉదయం. పాలు పోసే ఆమె వాకిట్లో నన్ను చూసి గిన్నె జారవిడిచినది.

గురువారం, మధ్యాహ్నం. నా భార్య మేనత్త కూతురు వింజమూరు నుంచి ఏడ్చుకుంటూ వచ్చినది. నేనే స్వయంగా తలుపు తీసినా ఏడుపు ఆపలేదు. దారి పొడుగునా ఏడ్చినాను, ఒక్కసారిగా ఆగమంటే ఎట్లా అన్నది.

ఉదయగిరిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు, టెంటు అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థం తెలుసు: ప్రయాణికులు తలదాచుకొనే గుడ్డ ఇల్లు. మా వైపు అందులో ఎవరూ కాపురం ఉండరు. ఫలానా వాళ్ళింటి ముందర టెంటు వేసినారు అంటే చాలు, తక్కిన వాక్యం అక్కర్లేదు. పాటలు వినిపిస్తే పెళ్ళి. మైకులో వాగ్దానాలు వినిపిస్తే ఎన్నికలు. ఏమీ వినిపించక, కింద ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు మాత్రమే ఉంటే, ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాడు పోయినాడని అర్థం. మా ఇంట్లో అందరికంటే పెద్దవాణ్ణి నేను.

టెంట్ హౌస్ యజమానిని పిలిపించి సంజాయిషీ అడిగినాను.

"ఆదివారం ఈ వీధిలోనే ఇంకో ఫంక్షన్ ఉండాది సార్. విప్పి మళ్ళా కట్టేదెందుకని ఉంచినాను."

"అప్పటిదాకా నేను పోయినట్టేనా?"

"అట్లంటే ఎట్లా సార్. కావాలంటే పాటలు పెట్టిస్తా. బాక్సులు ఖాళీగానే ఉండాయి."

నా భార్య పాటలకు ఒప్పుకొన్నది. ఆమె అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్ళను కూడగట్టి, ఆ నీడలో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది. నేను ఒప్పుకోలేదు.

శుక్రవారం జరిగినదానిని పై అన్యాయాల పట్టికలో చేర్చలేదు. అది అన్యాయమో కాదో ఇంకా తేలలేదు.

ఆత్మకూరులో ఉండే నా పాత సహోపాధ్యాయుడు పూలదండతో ఆటో దిగినాడు. క్యారమ్స్ ఆటలో తిరిగొచ్చిన స్ట్రైకర్ నా వేలికి తగిలిందా లేదా అన్న తగాదాపై ఆయన నాతో ఏండ్ల తరబడి మాట్లాడటం లేదు. తగలలేదు. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. ఆడవాళ్ళతో ఆయన అంటున్నది కిటికీలోంచి స్పష్టంగా వినిపించినది.

"మొండోడేనమ్మా. కానీ అంత నిఖార్సైన మనిషిని నేను మళ్ళా చూడలేదు. ఒక్కసారి వచ్చి పలకరించి ఉంటే నా సొమ్మేం పోయేది. నేనే రాలేదు."

నా భార్య ఆయన మాటకు అడ్డు రాలేదు. నేను బతికే ఉన్నానని ఎందుకు చెప్పలేదని తరువాత అడిగితే, ఇంకా ఏమంటాడో విందామని అన్నది.

సగం గడ్డంతోనే బయటికి వచ్చినాను.

"ఏంది, ఉండావా?" అన్నాడు ఆయన.

"ఉండాను."

"మరి ఈ టెంటేంది?"

"పక్కింటోళ్ళది."

ఆయన కాసేపు దండను, కాసేపు నన్ను చూసినాడు. "తగిలిందిరా స్ట్రైకర్" అని, దండతో సహా అదే ఆటో ఎక్కి వెళ్ళిపోయినాడు.

కాబట్టి ఆత్మకూరులోని సదరు మిత్రునికి ఇందుమూలముగా అడుగునదేమనగా: మా ఇంటి ముందర, సాక్షుల సమక్షంలో తాము నన్ను గూర్చి పలికిన మాటలు, నేను బతికి ఉండగా కూడా చెల్లుతాయా? చెల్లేటట్లయితే, పలకరించడానికి మళ్ళీ ఎప్పుడు వస్తారు? స్ట్రైకర్ విషయం ఇందులో కలపకుండా, ఈ రెండు ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా సమాధానం ఇవ్వవలెనని కోరుతున్నాను.