ట్యాగులు తుడిచే లైబ్రేరియన్‌గారు

లైబ్రేరియన్‌గారు పొద్దున్నే కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంటారు. పాఠకులు లైబ్రరీ సైటులో పుస్తకాలకు తగిలించిన ట్యాగుల్ని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి పారేస్తారు. ‘బస్సులో చదివేవి’, ‘అత్తగారికి కనబడకుండా దాచాల్సినవి’ అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు పుస్తకాల్ని గుంపులుగా కడుతుంటే, జీవితమంతా శాస్త్రప్రకారం సర్దిన చెయ్యి ఊరుకుంటుందా? మొన్న అలా తుడుస్తూ చటుక్కున ఆగిపోయారు. తాను రాసి, తానే అచ్చు వేయించుకున్న వర్గీకరణ శాస్త్రగ్రంథానికి ఎవరో ‘నిద్ర పట్టనివాళ్లకు’ అని తగిలించారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేలు డిలీట్ మీదికి వెళ్లింది. అంతలో ఆ పక్కనే ఇంకో సంగతి కనబడింది. ఏనాడూ బీరువా దిగని ఆ పుస్తకం ప్రతులన్నీ ఇప్పుడు ఆ ట్యాగు పుణ్యమా అని పాఠకుల ఇళ్లలో ఉన్నాయి, తమకూ కావాలని పేరు రాయించుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆయన వేలు అలాగే గాల్లో ఉండగా, టైలరొకాయన ఆ పుస్తకమే తిరిగివ్వడానికి వచ్చాడు.

“అద్భుతంగా రాశారండీ. రెండో పేజీ దాటితే ఒట్టు, హాయిగా గురకే.”

లైబ్రేరియన్‌గారు వేలు వెనక్కి తీసుకుని, గొంతు సవరించుకున్నారు. “రెండో భాగం కూడా రాస్తున్నాను.”

ఇంటికి వెళ్లి ఈ వైభవమంతా చెబితే, భార్య కూర తరగడం ఆపకుండానే అంది: “నాకెప్పుడో తెలుసండీ. ప్రూఫులు దిద్దింది నేనేగా.”